అరవై రెండో నెంబరు బూట్లు

ఆదివారం మధ్యాహ్నం అబిడ్స్‌లో అందరూ కిందికి చూసుకుంటూ నడుస్తారు. ఫుట్‌పాత్ నిండా పరిచిన పాత పుస్తకాల మీద కాలు పడుతుందేమోనని వాళ్ళ భయం. రశ్మి మాత్రం వారంలో ఏడు రోజులూ కిందికే చూస్తుంది. మనిషి మొహం కంటే ముందు కాళ్ళు చూడటం ఆ పిల్లకు చిన్నప్పటి అలవాటు.

పెద్ద పోస్టాఫీసు వెనక సందులో వాళ్ళ తాత వామన్‌రావు పెట్టిన బూట్ల రిపేరు షాపు ఉంది. తాత మోకాళ్ళు మొరాయించాక ఆరేళ్ళ నుంచి షాపు రశ్మే నడుపుతోంది. తాత వెనక కుర్చీలో కూర్చుని, పని చేయకుండా చేయించడంలో ఉన్న సుఖమంతా అనుభవిస్తున్నాడు.

ఆ రోజు ఆమె కంటపడ్డ కాళ్ళు మహా విచిత్రంగా ఉన్నాయి. ఎడమ కాలు మర్యాదగానే నడుస్తోంది. కుడికాలి బూటుకు సోలు సగం ఊడితే, పుస్తకాల కట్టలకు కట్టే సుతిలి తాడు చుట్టి బిగించారు. అడుగు వేసినప్పుడల్లా ఆ బూటు నోరు తెరిచి టప్పున మూస్తోంది.

ఆ కాళ్ళు షాపు ముందే ఆగాయి.

"ఇది అర్జెంటుగా అతికించాలండీ," అన్నాడు కాళ్ళ యజమాని.

"అర్జెంటా? ఇది ఊడి గంటలైంది. గీ తాడెవరు కట్టిన్రు?"

"అక్కడ పుస్తకాలమ్మే ఆయన. తాడు ఫ్రీ. కానీ రెండు పుస్తకాలు కొనిపించాడు."

రశ్మికి నవ్వొచ్చింది. అప్పుడు తలెత్తి మొహం చూసింది. ఎండకు కమిలిన మొహం, నుదుటి మీద ఎర్రమట్టి, కళ్ళలో ఏ మాత్రం సిగ్గులేని నవ్వు. మొహం బాగానే ఉందని మనసులో అనుకుని, పైకి మాత్రం, "బూట్లు విప్పున్రి," అంది.

విప్పాడు. ఆమె బల్ల కింద నుంచి హవాయి చెప్పుల జత తీసి ఇచ్చింది. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ.

"ఇవేంటండీ, రెండు రంగులు?"

"గట్లుంటేనే వాపస్ తెస్తరు. ఒక్క రంగువి ఇస్తే మళ్ళ కనపడరు."

ఆమె సుద్దముక్క తీసి బూటు లోపల అరవై రెండు అని రాసింది. "మీ ఇంటి నెంబరు ఇది. మీ ఇంట్ల ఎవరి చెప్పులు తెచ్చినా గిదే నెంబరు. ఒకిల్లు, ఒక నెంబరు. మా తాత పెట్టిన రివాజు. పేరు?"

"భానుతేజ. నాంపల్లిలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. మ్యాథ్స్."

"మ్యాథ్స్ సార్‌కు ఇంత మట్టి యేడిది?"

సరిగ్గా అప్పుడే పుస్తకాల సంచీతో విద్యావతి టీచర్ సందులోకి వచ్చింది. రశ్మికి మూడో తరగతిలో ఎక్కాలు నేర్పిన టీచర్ ఆవిడ. రిటైరయ్యాక కొత్తగా కొండలెక్కడం నేర్చింది. ఆవిడ వెనకాల మట్టి బూట్లవాళ్ళు మరో నలుగురు ఉన్నారు.

"ఇక్కడున్నావా నాయనా!" అంది టీచర్. "రశ్మీ, ఇతనే మా గ్రూపు లీడరు. ప్రతి ఆదివారం మమ్మల్ని ఖాజాగూడ గుట్టల్లో క్యాన్యన్ అనే ఇరుకు దారిన తీసుకెళ్తాడు. పై నుంచి సిటీ మొత్తం కనిపిస్తుందనుకో."

"నాంపల్లి స్టేషన్ కూడా కనిపిస్తుంది," అన్నాడు భానుతేజ ఛాతీ విరుచుకుని.

రశ్మి అప్పటికే బూటు తిరగేసి చూస్తోంది. వేలితో ముందుభాగం తడిమింది, మడమ తడిమింది. పదహారో ఏట నుంచి ఆ చేతిలో వేల సోళ్ళు తిరిగాయి. సోలు చూసి, మనిషి బస్సులో నిలబడి వెళ్తాడా, బండి మీద వెళ్తాడా అన్నది ఇట్టే చెప్పేస్తుంది. ఒక్కటీ తప్పు పోలేదని ఆమె నమ్మకం. నోరు ఊరుకోలేదు.

"సార్, మీరెప్పుడూ పైకి పోలేదు గద?"

"అదేంటండీ?"

"గుట్ట ఎక్కేటోళ్ళకు సోలు ముందర అరుగుతది. మీకు ముందర గీతలు కూడ పోలేదు. మడమలేమో నున్నగైనయి. ఒక్క తాన గంటలు గంటలు నిలబడితేనే గిట్లైతది. మందిని పైకి తోలి, మీరు సగం తోవల నిలబడి సెల్‌ఫోన్ చూస్కుంటున్నరు."

ఆమె తమాషాకే అంది. కానీ ఎవరూ నవ్వలేదు. మట్టి బూట్లవాళ్ళు నలుగురూ ఒకేసారి లీడరు వైపు తిరిగారు. విద్యావతి టీచర్ ఏదో అనబోయి ఆగిపోయింది. భానుతేజ మొహంలో నవ్వు ఎటు పోయిందో పోయింది.

"నిజమే," అన్నాడు. "నేను పైదాకా ఎప్పుడూ వెళ్ళలేదు."

ఆ రెండు రంగుల చెప్పులు వేసుకుని గబగబా వెళ్ళిపోయాడు. అంతమందిలో అతని పరువు తీశానని రశ్మికి అప్పుడు తట్టింది. బాధతో పాటు ఒక సందేహం కూడా పట్టుకుంది. పైకి ఎక్కనివాడు వారం వారం అంత దూరం ఎందుకు వెళ్తాడు?

సాయంత్రం షట్టర్ దించుతుంటే తాత వెనక నుంచి అడిగాడు.

"ఆ బూటు నడిచే తోవ చూసినవా?"

"లేదు తాతా."

"మరి గంత మంది ముంగట గంత మాట ఎట్లన్నవ్?"

ఆ షాపుకు ఒక పద్ధతి ఉంది. కొత్తరకం బూటు వస్తే, అది నడిచే చోటు కళ్ళారా చూడకుండా సోలు వేయకూడదు. పోస్ట్‌మ్యాన్ల బూట్ల కోసం వామన్‌రావు వాళ్ళ వెనకే సుల్తాన్ బజార్ సందులన్నీ తిరిగాడు. కూలీల బూట్ల కోసం నాంపల్లి ప్లాట్‌ఫారం మీద రోజంతా కూర్చున్నాడు.

"సోలు యేడ అరిగిందో చెప్తది బేటా," అన్నాడు ముసలాయన. "ఎందుకరిగిందో చెప్పది. పోయి చూసి రా."

సోమవారం పొద్దున్నే భానుతేజ వచ్చాడు. ఇక రాడేమో అనుకున్న రశ్మి గబుక్కున లేచి నిలబడింది. అతను మాత్రం ఏమీ జరగనట్టు వాళ్ళమ్మ చెప్పులు బల్ల మీద పెట్టాడు.

"బొటనవేలి పట్టీ తెగిందండీ."

"నిన్నటి సంగతి..."

"అరవై రెండు," అన్నాడతను. "మా ఇంటి నెంబరు. గుర్తుంది."

మంగళవారం వాళ్ళ నాన్న చెప్పులు తెచ్చాడు. పట్టీ తెగింది. బుధవారం వాళ్ళ తాతయ్య అమరేశ్వరరావు గారివి. అవీ అంతే. రశ్మి ఆ పట్టీని వెలుతురులో పెట్టి చూసింది.

"తెగిన పట్టీకి అంచు పీచుపీచుగ ఉంటది," అంది మెల్లగా. "ఇది నీటుగుంది. బ్లేడుతోని కోసినట్టు."

"మా తాతయ్య నడక కొంచెం షార్ప్ అండీ."

రశ్మి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. భానుతేజకు చెవులు ఎర్రబడ్డాయి గానీ అతను అక్కణ్ణుంచి కదలలేదు. బయట చినుకులు మొదలయ్యాయి. ఎదురుగా టీ బండి మీద ప్లాస్టిక్ పట్టా టపటపలాడుతోంది. గొడుగు అతని చేతిలోనే ఉంది. అయినా, "వాన తగ్గాక వెళ్తా," అన్నాడు.

"ఆదివారం మాటకు నా మీద కోపం లేదా?" అడిగింది రశ్మి.

"కోపమెందుకు? నిజమే చెప్పారు. గ్రూపులో అందరికీ తెలిసిన సంగతే, నోరు తెరిచి అన్నది మీరొక్కరే. ఈ ఆదివారంతో లీడరు పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నా."

రశ్మి చేతిలో సుత్తి ఆగిపోయింది. "నా మాటకా?"

"మరి పైకి ఎక్కని లీడరు ఏం లీడరండీ?"

"ఎందుకెక్కరు? భయమా?"

"చెప్తే కథలల్లినట్టుంటుంది. మీరు అరుగుదలని నమ్ముతారు గానీ మాటని నమ్మరు కదా."

అది సూటిగా తగిలింది. నిజానికి రశ్మికి ఇప్పుడు అరుగుదల మీదే అనుమానంగా ఉంది. ఈ మూడు రోజుల్లో ఈ మనిషి ఆమెకు నచ్చేశాడు. కళ్ళేమో మంచివాడంటున్నాయి, చేతులేమో అబద్ధాలకోరంటున్నాయి. ఏది నిజమో తేలకపోతే నిద్ర పట్టేలా లేదు.

"ఆదివారం నేనూ వస్త," అంది. "బూటు కోసం. తోవ చూడనిది సోలు వెయ్యను. అందాకా పాత సోలే అతికిస్త. గా ఒక్క ఆదివారానికే వస్తది, యాది పెట్టుకోండ్రి."

"బూటు కోసమే కదా?" అన్నాడు భానుతేజ గొడుగు విప్పుతూ.

"మరింక దేనికోసం?"

అతను వానలోకి దిగాడు. రెండు రంగుల చెప్పులు ఇంకా అతని కాళ్ళకే ఉన్నాయి. వాపసు ఇవ్వడం అతనూ మర్చిపోయాడు, అడగటం ఆమె కూడా మర్చిపోయింది.

ఆదివారం నాంపల్లి నుంచి తొలి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆటోల్లో గుట్టల దగ్గరికి చేరారు. మొత్తం ముప్ఫై ఒక్క మంది. చినుకు పడీ పడనట్టుంది. ఎవరో పిల్లలు ఆడి వదిలేసినట్టు గుండ్ల మీద గుండ్లు. వాటి సందుల్లోంచి గచ్చిబౌలి అద్దాల బిల్డింగులు తొంగి చూస్తున్నాయి. అబిడ్స్ దాటి ఆదివారం పూట ఎటూ వెళ్ళని రశ్మి అన్నీ నోరు తెరుచుకుని చూస్తూ నడిచింది. కాసేపటికి తన పని గుర్తొచ్చి భానుతేజ కాళ్ళ మీద దృష్టి పెట్టింది.

నడక బాగానే ఉంది. ఎక్కడా ఆగలేదు, ఆయాసపడలేదు. భయపడే కాళ్ళు కావవి. అయితే మరి ఎందుకు ఎక్కడు?

అరగంటలో క్యాన్యన్ వచ్చింది. రెండు పెద్ద గుండ్లు నిలువునా చీలినట్టు మధ్యలో ఇరుకు దారి. పైన ఆకాశం సన్నగా రిబ్బన్‌లా ఉంది. చల్లటి రాయి రెండు భుజాలకూ తగులుతుంటే ఒక్కొక్కరే పక్కకి తిరిగి నడిచారు. ఆ దారి చివర అడుగున్నర వెడల్పు ఖాళీ. దాని అవతల ఛాతీ ఎత్తున ఇంకో బండ. ఆ బండ ఎక్కితే పది నిమిషాల్లో శిఖరం.

భానుతేజ ఆ ఖాళీ అంచున ఆగాడు. బూటు మడమలు రెండూ రాతి పగుల్లో దిగ్గొట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, చెయ్యి చాపాడు.

"రండి టీచర్. మణికట్టు పట్టుకోండి. కిందికి చూడొద్దు, నన్ను చూడండి."

విద్యావతి టీచర్ అరవై మూడేళ్ళ బరువు మొత్తం ఆ చేతి మీద వేసి, అతని మోకాలి మీద కాలు పెట్టి, అవతలి బండ ఎక్కేసింది. ఆమె తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి, తర్వాత ఒక జంట, తర్వాత లావుపాటి పెద్దమనిషి. ఒక్కొక్కరు ఎక్కుతుంటే ఆ బరువుకు భానుతేజ మడమలు రాయిని రాసుకుంటూ కరకరమంటున్నాయి.

ఆ చప్పుడు రశ్మి చెవిన పడింది. తాత మాట గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం ముప్ఫై మంది. ఆ మడమలు అరిగింది వాళ్ళ బరువుకి.

"రండి, మీరే మిగిలారు," అన్నాడు భానుతేజ.

"మరి మీరు?"

"నేనెక్కాలంటే పై నుంచి ఎవరైనా లాగాలి. చివరివాడికి చెయ్యి ఇచ్చేవాళ్ళు ఎవరుంటారండీ? వాళ్ళు దిగేటప్పుడూ ఇక్కడ మనిషి కావాలి."

"ఇన్ని రోజులల్ల ఒక్కరు కూడ రమ్మనలేదా?"

"అన్నారు. తర్వాత, ఫోటోలు తీసి తెస్తాంలే అన్నారు."

రశ్మి అతని మణికట్టు పట్టుకుని, మోకాలి మీద కాలు పెట్టి ఎక్కింది. మిగతావాళ్ళు అప్పటికే కేకలేసుకుంటూ శిఖరం వైపు పోతున్నారు. ఆమె మాత్రం అటు తిరగలేదు. బండ మీద కూర్చుంది. మడమలు రెండూ ఒక పగుల్లో దిగ్గొట్టింది. ఒళ్ళు వెనక్కి వాల్చి చెయ్యి చాపింది.

"రా."

"ఏంటి?"

"చెయ్యి ఇయ్యి. పదేళ్ళ సంది బూట్ల సోళ్ళు పీకుతున్న. నిన్ను పీకలేనా?"

"నేను డెబ్బై రెండు కిలోలండీ. మీకు..."

"మ్యాథ్స్ తర్వాత చెయ్యి. ముందుగాల్ల చెయ్యి ఇయ్యి!"

భానుతేజ ఆమె మొహంలోకి చూశాడు. తమాషా ఏమీ కనపడలేదు. చెయ్యి ఇచ్చాడు. రశ్మిది మైనం దారాలు లాగి కాయలు కాసిన అరచెయ్యి. పట్టింది. అతను కాలు పైకెత్తి బండకు తన్నిపెట్టిన మరుక్షణం, రశ్మి స్వయంగా అతికించిన ఆ పాత సోలు పర్రుమని ఊడి కింద పడింది.

కాలు జారింది. డెబ్బై రెండు కిలోలూ ఒక్కసారిగా ఆమె చేతికి వేలాడాయి. భుజం ఊడొస్తున్నట్టనిపించినా రశ్మి పళ్ళ బిగువున పట్టుకుంది. వదిలితే కింద అడుగున్నర ఖాళీయే, కాకపోతే అది ఎంత లోతో ఎవరూ చూడలేదు. రెండో చేత్తో చొక్కా కాలరు పట్టి గుంజింది. అతను పొట్టను బండకు రాసుకుంటూ పైకొచ్చి, ఆమె పక్కనే బోర్లా పడ్డాడు.

ఇద్దరూ రొప్పుతూ అలాగే ఉండిపోయారు.

"మీ రిపేరు చాలా గొప్పగా ఉందండీ," అన్నాడు చివరికి.

"గీ ఒక్క ఆదివారానికే వస్తదని ముందే చెప్పిన గద."

"ఆదివారం ఇంకా తొమ్మిది కూడా కాలేదు!"

ఇద్దరికీ ఆపుకోలేని నవ్వు వచ్చింది. నవ్వుతూనే రశ్మి కళ్ళు తుడుచుకుంది. "నాతోని తప్పైంది. మీ బూటు చూసి మిమ్మల్ని చదివేసిన అనుకున్న. అంతమందిల అట్ల అనకుండ ఉండాల్సింది. జర మాఫ్ చెయ్యున్రి."

"మళ్ళీ మీరు, మిమ్మల్ని ఎందుకు? ఇందాక రా అన్నారు, అదే బాగుంది," అన్నాడతను.

శిఖరం మీద గాలికి మనుషులు కొట్టుకుపోయేలా ఉన్నారు. ఒక వైపు గోల్కొండ కోట, ఇంకో వైపు అద్దాల మేడలు, వాటి మధ్య ఇల్లు మీద ఇల్లు, ట్యాంకు పక్కన ట్యాంకు. భానుతేజ సోలు లేని బూటుతో కుంటుకుంటూ నాలుగు వైపులా తిరిగాడు. కొత్త బొమ్మ చూసిన పసివాడిలా అయిపోయాడు. తూర్పున అంతా వాన పొగ.

"నాంపల్లి ఏది?" అడిగాడు.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"టీచర్, మీరు ప్రతిసారీ స్టేషన్ కనపడిందంటారు కదా?"

విద్యావతి టీచర్ గొంతు సవరించుకుంది. "నువ్వంత మురిపెంగా కనిపిస్తుందని చెప్తుంటే, కనపడలేదని ఏ నోటితో చెప్పను నాయనా? ఒక్కసారి చూశానన్నాను. ఆ తర్వాత అదే అలవాటైపోయింది."

"నేనూ అంతే," అన్నాడు బ్యాంకు ఉద్యోగి. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. కాసేపటికి శిఖరం మీద ముప్ఫై ఒక్క మందీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. లీడరు మారాలన్న మాట ఇంకెవరూ ఎత్తలేదు. వచ్చే వారం నుంచి ఖాళీకి అటొకరు ఇటొకరు, వంతుల ప్రకారం నిలబడాలని టీచర్ తీర్మానం చేసేసింది.

భానుతేజ రశ్మి పక్కకు వచ్చి నిలబడ్డాడు. తూర్పు వైపు ఆ పొగలోకే చూస్తున్నారు ఇద్దరూ.

"ఒకటి చెప్పాలి. తాతయ్య చెప్పులు నేనే కోశాను."

"తెలుసు."

"అమ్మవీ, నాన్నవీ కూడా."

"అవీ తెలుసు. ఎందుకు కోసినవో నువ్వే చెప్పాలె. అది పట్టీ చెప్పది."

అతను ఆమె వైపు తిరిగాడు. "మా ఇంట్లో ఇక కోయడానికి చెప్పులు మిగల్లేదు రశ్మీ. రేపు నిన్ను చూడాలంటే ఏం తేవాలో తెలియడం లేదు. ఎల్లుండీ చూడాలని ఉంది. రోజూ చూడాలని ఉంది."

రశ్మి బదులు ఇచ్చేలోపు రెండు చినుకులు బుగ్గ మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

"ఉత్త చేతులతోనే రా," అంది. "ఎవరొద్దన్నరు?"

సోమవారం పొద్దున వామన్‌రావు కుర్చీలో కూర్చుని మనవరాలి పని చూస్తున్నాడు. ఆమె భానుతేజ బూటు ముందుభాగానికి తడిరాతిని పట్టే మెత్తటి రబ్బరు వేసింది, మడమకు టైరు రబ్బరు.

"రెండెందుకు?"

"మడమ మందిని మోస్తది తాతా. ముందుభాగం ఇగ నుంచి పైకి ఎక్కుతది."

ముసలాయన తృప్తిగా తలూపాడు. అప్పుడు ఆమె ఇంకో జత బూట్లు బల్ల మీద పెట్టింది. చిన్నవి, ఆడపిల్లవి. వాటికీ అదే రబ్బరు కోసి పెట్టుకుంది.

"ఇవెవరివి?"

"నావి."

"నెంబరు రాయలేదేంది?"

రశ్మి సుద్దముక్క తాత ముందు పెట్టి, తల వంచుకుంది. షాపు బయట ఒక నీలం చెప్పు, ఒక ఆకుపచ్చ చెప్పు నిలబడి ఉన్నాయి. వామన్‌రావు వాటిని చూశాడు, మనవరాలిని చూశాడు, మళ్ళీ వాటినే చూశాడు.

"ఏం సార్," అన్నాడు గొంతు పెంచి. "అరవై రెండు నెంబరు ఇంట్ల ఎంతమంది?"

"నలుగురమండీ," అన్నాడు భానుతేజ. "ఇంకొకరికి చోటుందండీ."

ముసలాయన ఆ చిన్న బూటు ఒళ్ళో పెట్టుకుని, సుద్దముక్కతో లోపల నెమ్మదిగా అరవై రెండు అని రాశాడు.

"మీ తాతను ఒకసారి గిటు పంపు," అన్నాడు రెండో బూటు అందుకుంటూ. "ఆయన చెప్పులు ఎవరు కోసిన్రో నేను చెప్త. మిగతాది ఇద్దరం కూసొని మాట్లాడుకుంటం."

రశ్మి తలెత్తింది. జీవితంలో మొదటిసారి, కాళ్ళ సంగతి మర్చిపోయి, నేరుగా భానుతేజ మొహంలోకి చూసింది.